ఎన్ని ఇంచులు లేపుదాం?

ఏమండోయ్, కాస్త ఇటు రండి. పొయ్యి మీద పాలేమైనా పెట్టారా? పెడితే దించేసి రండి. పాలు పొంగేలోపు తేలే కబురు కాదిది.

మా మేనల్లుడు ట్రక్కు కొన్నాడు. ఇసుజు వాళ్ల డీ-మ్యాక్స్ వీ-క్రాస్. ముందు ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు. వెనక తొట్టిలో సామానంతా పడేసుకోవచ్చు. బురదలో దిగితే నాలుగు చక్రాలూ లాగుతాయి. ఎక్కడి బండో చెప్పుకోండి చూద్దాం. జపానంటారా? పేరు జపానుదే. పుట్టింది మన శ్రీసిటీలో, తడ పక్కన! 2016 ఏప్రిల్‌లో అక్కడ ఫ్యాక్టరీ తెరిచారు. తెలుగు నేల మీద పుట్టిన ట్రక్కు ఇంత దూరం వచ్చి ముంబైలో మా కామాఠిపురా గల్లీ మొగదల ఆగింది. నాకు ఎంత ముచ్చటేసిందో మీరే ఊహించుకోండి.

బండికి కట్టిన నిమ్మకాయలు ఇంకా వాడలేదు. అప్పుడే మొదలుపెట్టాడు.

"మామా, నాలుగు ఇంచులు లేపిస్తా."

"ఎందుకురా?"

"జబర్దస్త్ కనబడ్తది మామా!"

నవ్వకండి. ఎత్తుగా, గుండె విరుచుకుని నిలబడ్డ ట్రక్కును చూస్తే కడుపు నిండుతుంది. నిండనీయండి, తప్పేముంది? వాడు అడిగిన దాంట్లో నాకు నచ్చనిది ఒకటే. బండిని ఎన్ని ఇంచులు లేపాలన్నది ఆఖర్న అడగాల్సిన మాట. వాడు దాంతోనే మొదలుపెట్టాడు.

ఇలాంటి పంచాయితీకి మా నాగ్‌పాడాను మించిన చోటు ఉందా చెప్పండి. ఇటు బెలాసిస్ రోడ్డు, అటు గ్రాంట్ రోడ్డు, ఒక పక్క డంకన్ రోడ్డు, ఇంకో పక్క సుక్లాజీ వీధి. మధ్యలో మా కామాఠిపురా పద్నాలుగు గల్లీలు. నిజాం ఇలాకా నుంచి వచ్చి, ఈ ఊరి రోడ్లకూ కట్టడాలకూ రాళ్లూ మట్టీ మోసిన మన కామాఠీలు కాపురం పెట్టిన గల్లీలు. నాలుగడుగులు వేస్తే చోర్ బజార్. అక్కడ పాత కార్ల సామాను కుప్పల మధ్య నడుస్తుంటే కాళ్లు ముందుకు సాగుతాయా? నాకైతే సాగవు. ఇంకాస్త తూర్పుకు పోతే మజ్‌గావ్. 1949 జూన్ 3న మహీంద్రా వాళ్లు మొదటి విల్లీస్ జీపును బిగించింది ఆ మజ్‌గావ్‌లోనే! అమెరికా నుంచి విడి సామానుగా వచ్చి, మన పక్క పేటలో జీపుగా లేచి నిలబడింది. ఈ చుట్టుపక్కల మనుషులకు జీపుల పిచ్చి ఉందంటే ఉండదా మరి?

ఆ పిచ్చి ఉన్న చాచా ఒకాయన మా దగ్గరే ఉన్నారు. పాత జీపుల కమాన్ పట్టీలు, అదే లీఫ్ స్ప్రింగులు, విప్పీ బిగించీ చేతులు కాయలు కాసిన మనిషి. మేనల్లుడు బండిని తెచ్చి ముందు నిలబెట్టాడు. చాచా ఇంచుల మాటే ఎత్తలేదు. వెనక్కి వెళ్లారు. తొట్టి మూల మీద రెండు అరచేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కి, టక్కున వదిలేశారు. బండి లేచింది, దిగింది, ఇంకాస్త లేచి ఆగింది. ఆయన చెవి కమాన్ కట్ట వైపే ఉంది. తర్వాత వంగి, పట్టీల చివర్లను బొటనవేలితో ఒక్కొక్కటిగా తడిమారు. తుప్పు వేలికి అంటుతుందేమో చూసుకుని గుడ్డకు తుడుచుకున్నారు. అప్పుడు అడిగారు.

"వెనక ఏం మోస్తారు?"

అబ్బ! నా ప్రాణం లేచి వచ్చింది. మొదట అడగాల్సిన మాట ఇదే. లిఫ్ట్ కిట్ అంటే ఎత్తు పీట అనుకుంటాం. కాదు. అది స్ప్రింగులూ, షాకబ్జార్బర్లూ. స్ప్రింగు బరువుకు పుట్టింది. ఎంత బరువు మోయాలో తెలియకుండా స్ప్రింగు ఎలా కొంటారు?

ఖాళీ పికప్పు వెనక భాగం కాస్త ఎగిసి ఉండటం మీరు చూసే ఉంటారు. లోపం కాదది. బరువు వేస్తే సమానంగా వచ్చేటట్టు కంపెనీ వాడే అలా పెట్టాడు. మంచి కిట్లు అమ్మేవాళ్లు అందుకే వెనక కమాన్‌లను రెండు మూడు రకాలుగా అమ్ముతారు. ఎక్కువగా ఖాళీగా తిరిగే బండికి ఒకటి, ఓ మోస్తరు సామానుకు ఒకటి, ఎప్పుడూ నిండుగా ఉండే దానికి ఒకటి. మా వాడు ఏం మోస్తాడు? వారాంతంలో ఒక గుడారం, నీళ్ల డబ్బాలు, నలుగురు స్నేహితులు. పండక్కి ఊరెళ్తే బియ్యం బస్తాలు. వాడు మాత్రం అన్నిటికన్నా గట్టి కమాన్ కావాలన్నాడు. గట్టిదైతే మంచిదట! ఆ కమాన్ వేసుకుని ఖాళీ బండిలో ఇక్కడి నుంచి భైఖళా దాకా వెళ్లమనండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర తల కప్పుకు తగులుతుంది.

ముందు వైపు లెక్క వేరు. ఇనుప బంపర్ పెడతాడట, దాని మీద వించి. రెండూ కలిస్తే ఎనభై, వంద కిలోలు ఇట్టే ఎక్కేస్తాయి. అప్పుడు ముందు కాయిల్ స్ప్రింగు కూడా ఆ బరువుకు తగ్గది కావాలి. ఇవాళ స్ప్రింగు వేసి వచ్చే ఏడాది బంపర్ పెడితే ముక్కు మళ్లీ కిందికి దిగుతుంది. కాబట్టి బండికి ఏమేం తగిలిస్తారో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఆశపడేవి కూడా రాయండి. ఆ కాగితం రాసుకోవడంలో ఉన్న ఆనందం ఇంకెందులోనూ లేదు, నన్నడగండి!

ఇప్పుడు ఇంచుల దగ్గరికి వద్దాం. చవకగా లేపే దారులు బోలెడు. ముందు స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకూ కలిసిన కట్ట, దాని నెత్తిన ఒక దిమ్మ పెట్టేస్తారు. ఇక్కడో తమాషా ఉంది. ఒక ఇంచు దిమ్మ పెడితే చక్రం దగ్గర దాదాపు రెండు ఇంచులు లేస్తుంది. స్ట్రట్ కింది కొస చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌కు మధ్యలో ఎక్కడో తగులుకుని ఉంటుంది గనక చివరికొచ్చేసరికి రెట్టింపవుతుంది. వెనకేమో ఇది తిరగబడుతుంది. కమాన్ చివర షాకిల్‌ను రెండు ఇంచులు పొడుగు చేస్తే బండి లేచేది ఒక్క ఇంచే. పైగా ఇరుసు ముక్కు తిరిగిపోయి జాయింట్ షాఫ్ట్ కోణం మారుతుంది. వణుకు మొదలవుతుంది. ఇరుసుకూ కమాన్‌కూ మధ్య దిమ్మ పెట్టి పొడుగు యూ-బోల్టులు వేసేవాళ్లూ ఉన్నారు. ఎత్తు వస్తుంది, నిజమే. ఎక్సలేటర్ తొక్కినప్పుడు కమాన్ మెలితిరగడం కూడా పెరుగుతుంది. ఈ దిమ్మల్లో ఏదీ బరువు మోయదు. పాత స్ప్రింగే మోస్తుంది, కాస్త ఎత్తు మీద నుంచి. బాడీ లిఫ్ట్ అని ఇంకొకటుంది. ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెడతారు. పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది, అంతే. పొట్ట కింది ఇనుము ఉన్నచోటే ఉంటుంది.

పాత జీపులవాళ్లది ఇంకో లోకం. ఆ విల్లీస్ వంశం బండ్లలో కమాన్ ఇరుసు కింద ఉండేది. దాన్ని తీసి ఇరుసు పైన కూర్చోబెడితే ఒక్క దెబ్బకు అయిదు ఇంచుల పైనే లేస్తుంది. చాచాకు ఆ కథలు చెప్పడం మహా ఇష్టం. చెబుతూ చెబుతూ టీ చల్లార్చేసుకుంటారు.

"సరే మామా, నాలుగెందుకు వద్దు?" అని మా వాడు పట్టు వదల్లేదు.

వినండి, మీకూ చెబుతున్నా. ఈ బండికి ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. వాటికి బలం అందించే షాఫ్టులకు సీవీ జాయింట్లుంటాయి. బండిని లేపిన కొద్దీ ఆ షాఫ్టులు ఏటవాలుగా దిగుతాయి. రెండు ఇంచుల దాకా ఓర్చుకుంటాయి. ఆ పైన రబ్బరు తొడుగులు మడతల దగ్గర ఒరుసుకుని చిరుగుతాయి, గ్రీజు కారుతుంది, దుమ్ము చేరుతుంది, మలుపు తిప్పినప్పుడల్లా టకటకమని చప్పుడు. పై ఆర్మ్ కిందికి వేలాడి స్ప్రింగుకు తగలొచ్చు. కాస్టర్ కోణం తగ్గి హైవే మీద స్టీరింగ్ నిలకడగా ఉండదు. వీటన్నిటికీ మందులున్నాయి. కొత్త పై ఆర్మ్‌లు, ముందు డిఫరెన్షియల్‌ను కిందికి దించే దిమ్మలు, పొడుగు బ్రేకు గొట్టాలు. అన్నీ కొంటూ పోతే కిట్టు ధర ఎక్కడికి పోతుందో చూసుకోండి! పోనీ కొన్నాడే అనుకుందాం. బరువంతా పైకి లేస్తుంది కదా, ఘాట్ మలుపులో బండి పక్కకు ఒరగడం పెరుగుతుంది. నలుగురు పిల్లల్ని ఎక్కించుకుని మాల్షేజ్ ఘాట్ దిగేవాడికి నాలుగు ఇంచులు నేను ఒప్పుకోను. ససేమిరా.

రెండు ఇంచులు చాలు. చాచా మాట అదే, నా మాట అదే.

ఇంకో సంగతి చెబితే మా వాడి మొహం చిన్నబోయింది. ఎన్ని ఇంచుల కిట్టు వేసినా వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ ఒక్క వెంట్రుకవాసి కూడా లేవదు! ఇరుసు చక్రాలకు అతుక్కుని ఉంది కదా. దాన్ని లేపేది టైరొక్కటే. అదీ పెరిగిన ఎత్తులో సగమే. లెక్క కట్టి చూపించాను. వాడి 255/60 ఆర్18 టైరు నిలువు 763 మిల్లీమీటర్లు. 265/65 ఆర్18 వేస్తే దాదాపు 802. తేడా 39. డిఫరెన్షియల్ లేచేది అందులో సగం, 19 చిల్లర. చిన్నదనుకోకండి, రాయి తగలడానికీ తగలకపోవడానికీ మధ్య అంతే ఉంటుంది. మీటరు కూడా తప్పు చెబుతుంది. ముల్లు 80 మీద ఉంటే బండి 84లో పోతుంటుంది. పోలీసు కెమెరాకు ఆ సంగతి పట్టదు.

మరి కిట్టు ఎందుకంటారా? పెద్ద టైరు లోపల ఒరుసుకోకుండా తిరగడానికి. ముందు ముక్కూ, వెనక తోకా, మధ్యన పొట్టా గట్టుకు తగలకుండా దాటడానికి. అన్నిటికన్నా మించి, రాళ్లదారిలో చక్రం గుంటలోకి హాయిగా జారి, తిరిగి హాయిగా ఎక్కడానికి. ఆ సుఖం చాలావరకు షాకబ్జార్బర్లు ఇచ్చేదే. గతుకుల దారిలో గంటసేపు ఆడితే వాటిలో నూనె కాగిపోయి నురగ కడుతుంది, పట్టు తప్పుతుంది. ఆ నురగను ఆపడానికి ఒక్కొక్కరిది ఒక్కో ఎత్తు. జర్మనీ బిల్‌స్టీన్ వాళ్లది ఒకే గొట్టం, లోపల ఒత్తిడితో నైట్రోజన్. 1957లోనే మెర్సిడెస్ కార్లకు ఇలాంటివి ఇచ్చారు. ఆస్ట్రేలియా ఐరన్‌మ్యాన్ వాళ్లు గ్యాసుకు బదులు ఫోమ్ పెట్టి అమ్ముతారు. అదే దేశపు ఓల్డ్ మ్యాన్ ఈము ఉంది, థాయ్‌లాండ్ ప్రొఫెండర్ ఉంది. ఆ రెండు దేశాల్లోనూ డీ-మ్యాక్స్‌లు కుప్పలుతెప్పలు. కాబట్టి మన వీ-క్రాస్‌కు కిట్ల కరువు లేదు. ఏది కొన్నా ఒకటి గుర్తుంచుకోండి. స్ప్రింగూ షాకూ ఒకే ఇంటివైతే మంచిది. ఒకదాని లెక్క చూసి రెండోదాన్ని తయారుచేస్తారు మరి.

కొనేముందు టేపు తీసుకుని బండి దగ్గరికి వెళ్లండి. నేల మీద నుంచి కొలవకండి, టైరు గాలి మోసం చేస్తుంది. చక్రం మధ్య బిందువు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. నాలుగు మూలలా. కుడివైపు కొంచెం తక్కువ రావచ్చు. డ్రైవరు రోజూ కూర్చునేది అక్కడే కదా! పాత స్ప్రింగులు ఇప్పటికే కుంగి ఉంటే కొత్త కిట్టు వేశాక అనుకున్నదానికన్నా ఎక్కువ లేచినట్టు కనబడుతుంది. మొదటి కొలత రాసుకోని వాళ్లే తర్వాత కిట్టువాడితో గొడవపడతారు.

ఆ, చట్టం! దాటేసి పోతాననుకున్నారా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. 182ఎ సెక్షన్‌లో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు రాసి ఉన్నాయి. మా వాణ్ని ముందు తాడ్‌దేవ్ ఆర్టీఓకు వెళ్లి అడిగి రమ్మన్నాను. ఇన్సూరెన్సు వాళ్లనూ అడగమన్నాను. వాళ్లు సరేనన్నాకే బండి కింద పానా పెట్టాలి. మీరూ అంతే, మొహమాటపడకుండా అడగండి.

అలాగే రోజూ బండి నిలిపే చోటు చూసుకోండి. మాల్ బేస్‌మెంట్ గేటు మీద ఎత్తు రాసి ఉంటుంది. రెండు ఇంచుల కిట్టు, పెద్ద టైరు, పైన క్యారియర్, దాని మీద గుడారం. కూడారా?

ఇంతకీ ఈ నాలుగు ఇంచుల గోల ఎక్కడిదో చెప్పలేదు కదూ. గోవాలో 2014లో రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ అని వానాకాలపు ఆఫ్‌రోడ్ పోటీ మొదలైంది. ఆ బండ్లను చూసే మా వాడికి నాలుగు ఇంచుల పురుగు కుట్టింది. అవి పోటీకి కట్టిన బండ్లురా, వాటితో పప్పూ ఉప్పూ తెచ్చుకోరు అన్నాను. ముందు ఇగత్‌పురి వెళ్లి, అక్కడ మహీంద్రా వాళ్ల ఆఫ్‌రోడ్ బడి ఉంది, బురదలో బండి ఎలా నడపాలో నేర్చుకో అన్నాను. ఇసుజువాణ్ని మహీంద్రా బడికి పంపుతావా అని అలిగాడు! రెండు ఇంచులకు ఒప్పుకున్నాడు లెండి. ఓ మోస్తరు బరువు కమాన్, దానికి జోడీ షాకులు. బంపరూ వించీ కాగితం మీద ఉన్నాయి.

బిగించిన రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. అయిదారు వందల కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులు మళ్లీ బిగించాలి, కొత్త పట్టీలు సర్దుకున్నాక అవి వదులవుతాయి. ఈ రెండూ అందరూ చెబుతారు. హెడ్‌లైట్ల సంగతి మాత్రం మర్చిపోతారు. ముక్కు రెండు ఇంచులు లేచిందంటే లైటూ లేచినట్టే, ఎదురొచ్చే ఆటోవాడి కళ్లలో పడుతుంది. స్విచ్చో స్క్రూవో ఏదుంటే దాన్ని తిప్పి దించండి. గోడ ముందు బండి నిలబెట్టి, పాత వెలుగు ఎక్కడ పడేదో కిట్టు వేయక ముందే సుద్దముక్కతో గీత గీసి పెట్టుకుంటే సరిపోతుంది. సుద్దముక్క లేదంటారా? ఆగండి, మా పిల్లల పలక దగ్గర ఉంటుంది, ఇస్తాను.