రెండు రైళ్ళ నడుమ ఏ.ఎస్. రావు నగర్

భీమవరం నుంచి వచ్చిన బండి ఉదయం ఆరున్నరకు మమ్మల్ని చర్లపల్లిలో దింపింది. నాగపూరు బండి మధ్యాహ్నం ఒంటిగంటకు, అదీ సికిందరాబాదులో. మర్నాడు నాగపూరులో మా మరదలి పిల్లకు బారసాల. బండి తప్పితే అత్తవారింట నాకిక మర్యాద దక్కదు.

"ఎలాగూ ఆరుగంటల పైన ఉన్నది గదా, చార్మినారు చూసి వద్దామండీ" అన్నది మా ఆవిడ.

చర్లపల్లి స్టేషను 2025 జనవరిలో కొత్త హంగులతో ప్రారంభమైంది గాని, ఊరికి ఓ మూల ఉన్నది. "సామాను మోస్తూ చూసే చార్మినారు కంటే కూర్చుని తినే పెసరట్టు నయం" అని ఆటో ఎక్కించాను. ఆవిడ పలకలేదు. ఆ మౌనానికి అర్థం పెళ్ళయినవారికి చెప్పనక్కరలేదు.

ఈ.సి.ఐ.ఎల్. చౌరస్తా దాటితే ఏ.ఎస్. రావు నగర్. పెద్దరోడ్డు మీద బట్టల కొట్లు, నగల కొట్లు, అడుగడుక్కీ టిఫిను హోటళ్ళు. లోపలి వీధుల్లోకి తిరిగితే మాత్రం గేట్ల ముందు ముగ్గులు, చెట్ల నీడ. మన జిల్లా పట్నంలో తిరుగుతున్నట్లే ఉన్నది.

హోటల్లో కుర్రవాణ్ణి, "ఏ.ఎస్. రావు ఎవరు నాయనా?" అని అడిగాను.

"ఈ స్థలాల ఓనరు కాబోలు సార్" అన్నాడు.

పక్క బల్ల దగ్గర పెద్దాయన ఒకరు చటుక్కున కాఫీ కప్పు దించారు. ఈ.సి.ఐ.ఎల్.లో పనిచేసి రిటైరయినవారట. "అయ్యగారి సాంబశివరావుగారండీ! కాశీలో చదివి, స్టాన్‌ఫర్డు వెళ్ళి వచ్చి, హోమీ భాభాగారి దగ్గర పనిచేసిన మనిషి. 1967లో మా సంస్థకు ప్రాణం పోసింది ఆయనే. ఉద్యోగులం ఇళ్ళు కట్టుకొన్న చోటికి ఆయన పేరు పెట్టుకొన్నాం" అన్నారు. 1969లోనే టి.డి.సి.–12 అనే కంప్యూటరు తయారుచేసిన సంగతి, ఇంటింటా వెలిగిన ఈ.సి. టీవీల సంగతి చెప్పారు. ఓటింగు యంత్రాలు మన దేశంలో తయారుచేసేవి రెండే సంస్థలట. ఒకటి బెంగుళూరుది, రెండవది ఇదే. ఎన్నికల డ్యూటీలో రాత్రంతా నేను కునుకు లేకుండా కాపలా కాసిన పెట్టె ఇక్కడిదే కావచ్చు!

"తమరిది ఏ ఊరు?" అన్నారు.

"భీమవరం."

"అయితే నేను మీకు చెప్పడమేమిటండీ? 1914లో ఆయన పుట్టింది మీ పక్కనున్న మోగల్లులోనే!"

నాకు తల ఎత్త బుద్ధి కాలేదు. మోగల్లు అనగానే అల్లూరి సీతారామరాజు వంశం వారి ఊరని ఇరవై ఏళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. రెండో పేరు ఒక్కనాడూ చెప్పలేదు. తెలిస్తే గదా! 1972లో పద్మభూషణ్ అందుకొని, 2003లో కన్నుమూసిన మనిషి. మా ఆవిడ మాత్రం మొదటిసారిగా నవ్వి, నాలుగు పెసరట్లు పొట్లం కట్టించింది.

సికిందరాబాదు దారిలో మౌలాలి గుట్ట. పైనున్న దర్గాకు మెట్లెక్కాలి. ఆవిడ మెట్ల వంక చూసి, గడియారం వంక చూసింది. గుట్ట కిందనే ఉర్దూ కవయిత్రి మహ లఖా బాయి చందా సమాధి ఉన్నది. 1792లో తల్లి కోసం కట్టించిన చోటనే, 1824లో తానూ నిద్రపోయింది. ముద్దుపళని పాఠం చెప్పినప్పుడల్లా ఈమె పేరు కూడా చెబుతుంటాను. తీరా ఆ గుమ్మం ముందు నిలబడితే, పైన చెక్కిన అక్షరాలలో ఒక్కటీ చదవలేకపోయాను. నా ఎం.ఏ. అక్కడ పనికిరాలేదు.

అరగంట అనుకొన్నది గంటయింది. తరువాత దారిలో ఆటో ఇరుక్కుపోయింది. మా ఆవిడ నోట మాట లేదు, నా ఒంట చెమట. పన్నెండూ నలభైకి స్టేషను మెట్లెక్కాము.

బండి కదిలాక పొట్లం విప్పింది. పెసరట్లు చల్లారిపోయాయి గాని, అల్లం పచ్చడి బాగున్నది.