డల్లాస్‌లో భక్తిరంజని ఎన్నింటికి?

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్న గోడ నడుం ఎత్తుకు మించదు. ఇన్నేళ్లుగా దాని మీదుగా గోంగూర కట్టలు, పచ్చడి గిన్నెలు, పెళ్లి సంబంధాల కబుర్లు అటూ ఇటూ దాటుతూనే ఉన్నాయి. మొన్న పొద్దున వదినగారు గోడ మీద మోచేతులు ఆనించి, “వదినా, సూట్‌కేసు బరువు చూసే కొక్కెం త్రాసు మీ దగ్గరుందా?” అని అడిగారు.

ఉంది. పోయినేడు మేం డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు కొన్నదే. వదినగారి అబ్బాయి ఉండేదీ ఆ ఊళ్లోనే. వచ్చే నెలలో వీళ్ల ప్రయాణం. త్రాసు అందిస్తూ, “అప్పుడే సర్దుడు మొదలుపెట్టారా?” అన్నాను.

“సర్దుడు కాదు వదినా, రోజూ యుద్ధమే! పెట్టెకు ఇరవైమూడు కిలోలు. నేను ఆవకాయ పెడితే మీ అన్నయ్యగారు తీసేస్తారు. ఆయన రేడియో పెడితే నేను తీసేస్తాను.”

అన్నయ్యగారి రేడియో అంటే మా వీధికి గడియారం. రిటైరైన హెడ్మాస్టరు కదా, బడి గంటలాగే తెల్లారకుండా దాన్ని అరుగు మీద పెట్టి విజయవాడ స్టేషన్ పలికిస్తారు. భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజని వినబడితే నేను పాలు పొయ్యి మీద పెడతాను. వార్తలు మొదలయ్యాయంటే మావారికి రెండో కాఫీ వేళ. అలాంటి రేడియోని ఆయన ఆరు నెలలు వదిలి ఉండలేరంటే తప్పేముంది?

మాటల్లోనే ఆయనా గోడ దగ్గరికి వచ్చారు. “అమ్మా, నువ్వు ఉండి వచ్చావు కదా, నువ్వే చెప్పు. అక్కడ మన స్టేషన్ పలుకుతుందా, పలకదా?”

“పలుకుతుంది అన్నయ్యగారూ. ఈ పెట్టెలో మాత్రం పలకదు,” అన్నాను.

మేమూ ఆ పొరపాటు చేసినవాళ్లమే. మావారు చిన్న ట్రాన్సిస్టర్ తీసుకెళ్లి, డల్లాస్ వాకిట్లో నిలబడి ముల్లు అటూ ఇటూ తిప్పారు. ఒకచోట పాస్టరుగారి ప్రసంగం, ఇంకోచోట ఫుట్‌బాల్ గోల. విజయవాడ వచ్చేది 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద. ఆ తరంగం పగలు నేలను పట్టుకుని పాకుతుంది. రాత్రయితే పైకెళ్లి, ఆకాశంలోని విద్యుత్ పొరను తాకి తిరిగొచ్చి ఇంకొన్ని వందల కిలోమీటర్లు పోతుంది.

“అందుకేగా రాత్రిపూట మన స్టేషన్ మీదికి ఎక్కడెక్కడివో వచ్చి పడేవి!” అన్నారాయన, పాఠం అప్పజెప్పినట్టు.

అందుకే. అయినా సముద్రాలు దాటి టెక్సాస్ చేరేంత సత్తా దానికి లేదు. పైగా అమెరికాలో మీడియం వేవ్ స్టేషన్లకు పదేసి కిలోహెర్ట్జ్ ఎడం, మనకు తొమ్మిదేసి. అక్కడ కొన్న అంకెల రేడియోలు చాలావాటిలో 830 తరవాత 840కే గెంతుతుంది. మన 837 వాళ్ల మెట్ల మీద లేనే లేదు!

“మరి షార్ట్‌వేవ్?” అన్నారు. అదొకప్పటి మాట. దూరదేశాలకు వెళ్లేది అదే. ఆకాశవాణి విదేశీ ప్రసారాలు 1939లో మొదలయ్యాయి. వాటిలో ఆగ్నేయాసియా కోసం తెలుగు కూడా ఉండేది. రబ్బరు తోటల పనికని మలేషియా వెళ్లి స్థిరపడ్డ మనవాళ్లు అటే ఉన్నారు కదా. ఆ షార్ట్‌వేవ్ వైభవం ఇప్పుడు దాదాపు చరిత్రే.

“అయితే ఫోన్లో వినాలన్నమాట,” అని ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. ఫోన్లో విన్నది రేడియో కాదని ఆయన నమ్మకం.

న్యూస్ ఆన్ ఎయిర్ అని ఆకాశవాణి వాళ్ల ఆప్ ఉంది. డబ్బు కట్టక్కర్లేదు. దేశం మొత్తం మీద 240కి పైగా సర్వీసులు అందులో ఉన్నాయి. 85కు పైగా దేశాల్లో వింటున్నారని 2021లోనే ప్రభుత్వం చెప్పింది. మా అమ్మాయి ఇంట్లో ఫోన్‌ని చిన్న స్పీకరుకి కలిపి పెడితే, శబ్దం అన్నయ్యగారి అరుగు మీది రేడియో కంటే శుభ్రంగా వచ్చింది. గరగర లేదు. మావారికి ఆ గరగర లేకపోవడమే వెలితి!

“మరి ఇబ్బందేం లేదుగా!” అన్నారు వదినగారు, ఆవకాయ గెలిచిందన్న ధీమాతో.

ఇబ్బంది గడియారంతో. ఇక్కడ పొద్దున ఆరైతే డల్లాస్‌లో ముందురోజు రాత్రి ఏడున్నర. మేం మొదటిరోజు ఆ సంగతి మరిచి, తెల్లారి లేచి స్నానం చేసి ఆప్ తెరిస్తే సాయంత్రం కార్యక్రమాలు. మర్నాటి నుంచి లెక్క సరిచేసుకున్నాం. రాత్రి భోజనాల వేళ భక్తిరంజని పెట్టాం. పిజ్జా తింటున్న మనవరాలు, “అమ్మమ్మా, ఇండియాలో అప్పుడే రేపు వచ్చేసిందా?” అంది. వచ్చేసిందమ్మా అన్నాను. ఇక మాకు పొద్దున ఫలహారం వేళకి ఇక్కడి సాయంత్రపు రైతుల కార్యక్రమం. వరిలో దోమపోటు నివారణ వింటూ ఓట్స్ తిన్నవాళ్లం మేమే అయివుంటాం.

అంతటితో అయిందా? నవంబరులో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఏడున్నర భక్తిరంజని ఆరున్నరకి వచ్చేస్తుంది. మార్చిలో మళ్లీ ముందుకు. అన్నయ్యగారు జేబులోంచి కాగితం తీసి ఈ లెక్కంతా రాసుకున్నారు.

ఇంతలో మేడ మీద ఉండే పిన్నిగారు బట్టలారేయడానికి వచ్చి, పైనుంచే మాట కలిపారు. వాళ్లమ్మాయి మాంచెస్టర్‌లో ఉద్యోగం. పోయిన డిసెంబరులో సెలవులకు వచ్చి, అక్కడ చూస్తున్న సీరియల్ ఆఖరి భాగం ఇక్కడ చూద్దామని బీబీసీ ఐప్లేయర్ తెరిచిందట. ఇది బ్రిటన్‌లో ఉన్నవాళ్లకే అని రాసి చూపించి ఊరుకుందట. “అదేంటండీ, లైసెన్సు డబ్బు కట్టిన పిల్లేగా!” అని పిన్నిగారి బాధ.

కట్టిన పిల్లే. 2025లో ఆ లైసెన్సు ఏడాదికి 174 పౌండ్ల 50 పెన్సు ఉండేది. అయినా అక్కడి లెక్క వేరు. ఒక్కో సీరియల్‌ని, ఒక్కో ఆటని ఏ దేశంలో ఎవరు చూపాలో ముందే ఒప్పందాలు రాసుకుంటారు. మన ఫోను ఏ దేశంలో నెట్ పట్టుకుందో దాని ఐపీ నంబరు చెప్పేస్తుంది. అది చూసి తలుపు తీయడమో, మూయడమో. వీపీఎన్ అనే ముసుగు వేసుకుని దూరేవాళ్లున్నారు కానీ అది వాళ్ల షరతులకు విరుద్ధం. సక్రమమైన దారి ఒకటుంది: బయల్దేరే ముందు అక్కడే భాగాలు డౌన్‌లోడ్ చేసుకుంటే ఇక్కడికొచ్చి చూసుకోవచ్చు. ఈసారి అలా చేయమని పిన్నిగారికి చెప్పాను. అదే బీబీసీ 2017 అక్టోబరులో మొదలుపెట్టిన తెలుగు వార్తలకు మాత్రం ఈ తలుపులేవీ లేవు.

“మనమూ ఒకప్పుడు రేడియోకి లైసెన్సు కట్టాం,” అన్నారు అన్నయ్యగారు. పోస్టాఫీసులో బిళ్లలు అంటించిన ఆ పుస్తకం ఆయన బీరువాలో ఇంకా ఉంది. 1980ల్లో ఆ లైసెన్సులు ఎత్తేశారు.

“కానీ మనకూ క్రికెట్ దగ్గర తలుపు ఉందన్నయ్యగారూ,” అన్నాను. ముఖ్యమైన మ్యాచ్‌లను దూరదర్శన్‌కి కూడా ఇవ్వాలని 2007లో చట్టం వచ్చింది. అది మన దేశంలో యాంటెన్నాకి, ఫ్రీ డిష్‌కి సంబంధించిన మాట. డల్లాస్‌లో సోఫాలో కూర్చుని దూరదర్శన్‌లో చూసేద్దామంటే కుదరదు. అక్కడ హక్కులు కొన్నవాళ్లు వేరే. వదినగారికి క్రికెట్ పట్టదు. “మరి సప్తగిరి, యాదగిరి?” అన్నారు. యూట్యూబ్‌లో చూసుకోవచ్చన్నాను. కరీంనగర్‌లో ఉండే చెల్లెలు యాదగిరి చూసి చెప్పే కబుర్లకు అక్కడినుంచీ జవాబు చెప్పొచ్చని ఆవిడ సంబరం.

అన్నయ్యగారు మాత్రం గోడ మీద చెయ్యేసి వేరే కాలంలోకి వెళ్లిపోయారు. “అమ్మా, మా చిన్నతనంలో మనమే పరాయి దేశం రేడియోకి చెవులప్పగించిన వాళ్లం.” నిజమే. 1950ల మొదట్లో, కేస్కర్ గారు సమాచార ప్రసారాల మంత్రిగా ఉన్నప్పుడు, ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గిపోతే జనం రేడియో సిలోన్‌కి తిప్పారు. 1957లో వివిధభారతి పుట్టడానికి ఆ పోటీ ఒక కారణం. ఆ తరవాతా సిలోన్‌ని వదల్లేదు మనవాళ్లు. మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వేస్తుంటే, కోరిన పాటలో తమ పేరు వస్తుందేమోనని ఊళ్లకు ఊళ్లు ఎదురుచూశాయి. మనం కట్టిన లైసెన్సు ఒక్క పైసా సిలోన్‌కి చేరలేదు. అయినా ఆ రేడియో మనల్ని మీరెవరని అడగలేదు.

అన్నయ్యగారు కాసేపు ఊరుకుని, చివరికి అసలు ప్రశ్న అడిగారు. “నేను నిద్రపోయి భక్తిరంజని తప్పిపోతే మళ్లీ వినొచ్చా?”

అక్కడే నాకూ ఫిర్యాదుంది. ఆప్‌లో వచ్చేది పారే కాలవ. వచ్చినప్పుడు దోసిలి పట్టాలి. కొన్ని స్టేషన్లు కొన్ని కార్యక్రమాల్ని యూట్యూబ్‌లో పెడుతున్నాయి. ప్రసార భారతి ఆర్కైవ్స్ పేరుతో పాత రికార్డులు కొన్ని దొరుకుతున్నాయి. కానీ బాలమురళీకృష్ణ గారు, రజనీకాంతరావు గారు పనిచేసిన స్టేషన్ మన విజయవాడ. ఉషశ్రీ గారి ధర్మసందేహాల కోసం ఆదివారం మధ్యాహ్నం భోజనాలు ఆపుకున్న ఊళ్లివి. ఇంత పంట పండించినవాళ్లు కాలవ పక్కన ఓ చెరువు కూడా తవ్వాలి కదా? పగలూ రాత్రీ తారుమారైన దేశాల్లో ఉన్న మన పిల్లలకు కావలసింది ఆ చెరువే. నిన్నటి కార్యక్రమం ఇవాళ తీరిగ్గా వినే వీలుంటే, మనవరాలికి భోజనాల వేళ భక్తిరంజని బలవంతంగా వినిపించే పని నాకు తప్పేది!

“పొద్దున స్టేషన్ తెరిచేటప్పుడు ఆ ట్యూన్ వస్తుందే, అది కూడా ఫోన్లో వస్తుందా?” అన్నారు వెళ్లబోతూ. వస్తుందన్నాను. దాన్ని కట్టిన వాల్టర్ కౌఫ్‌మన్ హిట్లర్ కాలంలో యూరప్ వదిలి బొంబాయి చేరిన యూదు సంగీతకారుడు. ఇల్లు వదిలొచ్చిన మనిషి కట్టిన బాణీతోనే ఇన్నేళ్లూ మన ఇళ్లు తెల్లారుతున్నాయి. ఆయన కాసేపు ఏమీ అనలేదు.

నిన్న సాయంత్రం రేడియో సూట్‌కేసులోంచి దిగింది. గోడ మీదుగా దాన్ని నా చేతికిస్తూ, “బ్యాటరీలు కొత్తవే. ముల్లు కదపకమ్మా,” అన్నారు. ఆ చోటులోకి ఆవకాయ ఎక్కింది.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ల ప్రయాణం ఉంటే ఒక్క మాట. విమానం ఎక్కకముందే వాళ్ల ఫోన్లో ఆప్ పెట్టి, వాళ్ల స్టేషన్ వెతికి, ఒకసారి పలికించి చూపించండి. రెండు ఊళ్ల గంటలూ పెద్ద అక్షరాలతో ఓ కాగితం మీద రాసివ్వండి. దానికి బరువుండదు.