వెలుగు కంటే ముందు చూపు

"నరం తీసేశానన్నారు కదా డాక్టరుబాబూ, మరి ఈ నొప్పెక్కడిది?"

రూట్ కెనాల్ చేయించుకున్న మర్నాడే చెంప పట్టుకుని వచ్చి, ఒక పెద్దావిడ అడిగిన మాట ఇది. తీసేది పన్ను లోపలి నరాన్నే. పన్నును ఎముకకు పట్టి ఉంచే పొర బతికే ఉంటుంది. వేరు లోపల శుభ్రం చేసేటప్పుడు కాస్త చెత్త వేరు చివరినుంచి బయటపడినా ఆ పొర వాస్తుంది. మామూలుగా మొదటి ఒకటి రెండు రోజులు సలిపి, ఆపైన తగ్గుముఖం పడుతుంది. ఆవిడకు అదే వివరించాను.

కడుపులో పుండు ఉంది కనుక ఐబుప్రొఫెన్ ఇవ్వలేను. అప్పుడే కొన్న డయోడ్ లేజర్ గుర్తొచ్చింది. 1967 ప్రాంతంలో బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు వెంట్రుకలు గొరిగిన ఎలుకల మీద తక్కువ శక్తి లేజర్ ప్రయోగిస్తే, ఆ చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. తక్కువ శక్తి లేజర్ వైద్యానికి మూలం అదే. ఈ కాంతి కోయదు, కాల్చదు. చిగురు దాటి లోపలికి వెళ్లి, కణాల్లోని మైటోకాండ్రియాకు చురుకు పుట్టించి, వాపు తగ్గడానికి తోడ్పడుతుందని శాస్త్రజ్ఞుల వివరణ.

ఇద్దరం రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్నాం. వేరు చివర ఉండేచోట చిగురుకు లేజర్ ఆనించాను. 10కి 8 అన్న నొప్పి కాసేపటికి 6 అన్నారు. పొంగిపోయాను.

మర్నాడు మళ్లీ 8తో వచ్చారు. లేజర్ చేతిలోకి తీసుకుంటుంటే, "ముద్ద నమిలితే ఈ పన్నే ముందు తగులుతోంది బాబూ" అన్నారు.

చెయ్యి ఆగిపోయింది. పళ్ల మధ్య నీలం కాగితం పెట్టి కొరకమన్నాను. పక్క పళ్ల మీద లేత మరకలు. ఆ పన్నుకు నేను పెట్టిన తాత్కాలిక ఫిల్లింగ్ మూల మీద మాత్రం ముదురు నీలం చుక్క. వెంట్రుకవాసి ఎత్తు! ప్రతి ముద్దకూ వాచిన పొర మీద దెబ్బ పడుతోందన్నమాట. అరగదీయడానికి నిమిషం పట్టింది. సాయంత్రం ఫోన్ చేస్తే, "జావ మానేసి అన్నం తిన్నాను" అన్నారు.

లేజర్ ఇప్పటికీ వాడతాను. తొలి రోజుల నొప్పికి అది ఉపశమనం ఇవ్వగలదు. కానీ ఎత్తైన ఫిల్లింగును అది దించదు, శుభ్రం కాని కాలువను శుభ్రం చేయదు. అందుకే ముందు కాగితం, ఆ తర్వాతే కాంతి.

మీకు కూడా రూట్ కెనాల్ తర్వాత ఆ పన్నే ముందు తగులుతుంటే, మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పండి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా ఒక్క పూట కూడా ఆగకండి.