ముందు ఏది?

తమ్ముళ్లూ! మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, నేను చేసిన ఒక పొరపాటే రాయాలనిపించింది.

2003లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. వార్షికోత్సవ కమిటీకి నన్ను లీడర్‌గా పెట్టారు. మొత్తం 12 మందిమి. షామియానా, మైకుసెట్టు, ఆహ్వాన పత్రికలు, నాటిక రిహార్సల్స్... "అన్నా, రంగు కాగితాలు చాల్లేదు", "అన్నా, మైకు అతను అడ్వాన్సు అడుగుతున్నాడు" అని ఎవరు పిలిస్తే అందరం అటే పరిగెత్తేవాళ్లం.

ఆ హడావుడిలోనే ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడొకడు స్కాలర్‌షిప్ ఫారం పట్టుకొని వచ్చాడు. ఆదాయ ధ్రువపత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసుకు తోడు రమ్మన్నాడు. వాళ్ల నాన్న పనికోసం వలస పోయాడు. "ఫంక్షన్ కానీరా, ఇంకా 10 రోజులు టైముంది" అన్నాను. మళ్లీ ఒకసారి అడిగాడు. మూడోసారి అడగలేదు.

శనివారం వార్షికోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. సోమవారం దరఖాస్తు ఇస్తే పత్రం గురువారం చేతికొచ్చింది. బుధవారంతోనే గడువు అయిపోయింది. వాడు ట్రంకుపెట్టె సర్దుకుంటుంటే నాకు నోట మాట రాలేదు. అందరం తలా కొంత వేసుకుని పరీక్ష ఫీజు కట్టి వాణ్ని ఆపాం. ఆ ఏడాది స్కాలర్‌షిప్ మాత్రం రాలేదు.

వార్డెన్ సారు తిట్టలేదు. కమిటీని కూర్చోబెట్టి బోర్డు మీద 4 గళ్లు గీశారు. మొదటిది ముఖ్యమూ, అత్యవసరమూ: జ్వరమొచ్చిన పిల్లవాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లడం. రెండోది ముఖ్యమే, తొందర లేదు: చదువు, సర్టిఫికెట్లు. మూడోది తొందరే, అంత ముఖ్యం కాదు: రంగు కాగితాలు. నాలుగోది రెండూ కాదు: పత్రికలో ఎవరి పేరు ముందుండాలనే గొడవ.

"వారమంతా మీ 12 మందీ మూడో గడిలోనే తిరిగారు. రెండో గడిలో ఉన్న ఫారం మొదటి గడిలోకి వచ్చింది, అక్కడి నుంచీ జారిపోయింది. మైకు పనికి ఇద్దరు చాలరా?" అన్నారు.

మరుసటి ఏడాది ప్రతి పనికీ ఎదురుగా ఒకరి పేరు రాసుకున్నాం. అన్నిటికంటే పైన ఫారాల పని రాసి దానికి ఇద్దర్ని పెట్టాం. ఆ ఏడు ఎవరి ఫారమూ ఆగలేదు.

అత్యవసరం వేరు, ముఖ్యం వేరు అన్న సంగతిని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో మరొకరి మాటగా చెప్పాడనీ, స్టీఫెన్ కోవీ 1989 నాటి తన పుస్తకంలో దాన్ని 4 గళ్లుగా వివరించాడనీ తర్వాత చదివాను. నాకు మాత్రం అది ఆ ట్రంకుపెట్టె దగ్గరే అర్థమైంది.

ఇప్పుడు నేను ఉపాధ్యాయుణ్ని. మా స్టాఫ్ మీటింగులో పనులు పంచుకునే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను: దేని గడువు దగ్గరపడింది? అది దాటితే నష్టపోయేది ఎవరు?

ఆ తమ్ముడు డిగ్రీ పూర్తి చేశాడు. ఇప్పటికీ ఫోన్లో "అన్నా" అనే పిలుస్తాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా వాడు అడగడం మానేసిన రోజు గుర్తొస్తుంది.

తమ్ముళ్లూ, ఈసారి షామియానా గుంజ పాతే ముందు, ఎవరి ఫారమైనా ఆగిందేమో ఒక్కసారి గదిగదికీ వెళ్లి అడగండి.

– ఒక పూర్వ విద్యార్థి