రాగి రేకుపై బస్రా విద్వాంసుడు

పోలెండ్ దేశపు ఉత్తరపు కొసన, బాల్టిక్ సముద్రతీరాన గ్దాన్స్క్ అనే ప్రాచీనమైన రేవు పట్టణం ఉంది. మా పెద్దమ్మాయి అక్కడ వైద్యవిద్య అభ్యసిస్తున్నది. వెళ్లిన కొత్తలో ఒకసారి ఫోనులో, "ఇక్కడ మనది అనదగ్గది ఏదీ కనబడదు అబ్బా" అన్నది. ఆ మాట చాలాకాలం నా మనసును కలచివేసింది. రెండేళ్ల తరువాత నేను ఆమెను చూడబోయినప్పుడు, మూడోనాడే నన్ను ఒక గ్రంథాలయానికి తీసుకొనిపోయింది. "మీకు ఒకరిని చూపిస్తాను, రండి" అన్నదే గాని, ఎవరినో చెప్పలేదు.

బల్లమీద పరచిన గ్రంథం పేరు 'సెలెనోగ్రాఫియా'. అంటే చంద్రమండల వర్ణన. ఈ పట్టణానికే చెందిన యొహానెస్ హెవీలియస్ 1647లో దీనిని ప్రకటించాడు. మొదటి పుటకు ఎదురుగా ఒక పెద్ద ముఖచిత్రం ఉంది. అడాల్ఫ్ బాయ్ గీయగా, యెరేమియాస్ ఫాల్క్ రాగి రేకుపై చెక్కినది. చిత్రానికి రెండు వైపులా రెండు పీఠాలు, వాటిమీద ఇద్దరు నిలువెత్తు పురుషులు. కుడివైపున దుర్బిణి పట్టుకున్నవాడు గెలీలియో. ఎడమవైపున తలపాగా, పొడవాటి అంగీ ధరించి, క్షేత్రగణిత రేఖలు గీసిన పత్రాన్ని చేతబట్టి నిలుచున్న మనిషి పేరు పీఠం దగ్గరే చెక్కి ఉంది: అల్‌హాసెన్. మన అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్! సుమారు 965లో బస్రాలో పుట్టి, కైరోలో దృష్టిశాస్త్రాన్ని రచించి, సుమారు 1040లో కన్నుమూసిన ఆ మహావిద్వాంసుడు, ఆరు వందల ఏళ్ల తరువాత ఈ చలిదేశపు పుస్తక ద్వారం వద్ద గెలీలియోకు సమానస్థాయిలో నిలబడి ఉన్నాడు. నా కళ్లు చెమర్చిన మాట నిజం.

ఆయన ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. ఆ తలపాగా, ఆ గడ్డం కళాకారుని ఊహ మాత్రమే. చిత్రం పైభాగాన ఒక ఫలకంమీద మాత్రం యషయా ప్రవక్త గ్రంథంలోని వాక్యం ఉంది. కన్నులెత్తి ఆకాశాన్ని చూడండి, వీటిని సృజించినవాడెవరో ఆలోచించండి అని దాని భావం. ఖుర్ఆన్ చదివే ఇంట పెరిగినవారికి ఆ పిలుపు కొత్తది కాదు.

హెవీలియస్ వృత్తిరీత్యా బీరు తయారీదారు. ఆ సంగతి మన ఇళ్లలో చెప్పుకోవడానికి ఇబ్బందే, అయినా దాచడం ఎందుకు? ఆయన మూడు ఇళ్ల కప్పులను కలిపి పైన వేధశాల కట్టుకున్నాడు. రాత్రి చంద్రుణ్ణి చూసి గీసినదాన్ని తెల్లవారగానే స్వహస్తాలతో రాగిపై చెక్కేవాడు. ఈ పని ఎంత శ్రమతో కూడినదో మా అమ్మాయి వివరించింది. నున్నగా మెరుగుపెట్టిన రాగి రేకును పదునైన ఉలితో గీసి సన్నని గాళ్లు చేస్తారు. వాటిలో సిరా నింపి పైభాగాన్ని శుభ్రంగా తుడుస్తారు. తడిపిన కాగితాన్ని దానిపై పరచి రెండు రోలర్ల నడుమ బలంగా నొక్కితే, గాళ్లలోని సిరా కాగితానికి ఎక్కుతుంది. అచ్చులో బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయి గనుక చెక్కేవాడు అద్దంలో చూసినట్లు తిరగేసి చెక్కాలి. ఇంత శ్రమతో నూటికి పైగా చిత్రపుటలు తయారయ్యాయి. ఒక పెద్ద చంద్రపటంలో ఒకదానిపై ఒకటి కాస్త జరిగిన రెండు వృత్తాలు కనిపిస్తాయి. చంద్రుడు కొద్దిగా ఊగుతూ, తన అంచులను ఒకసారి ఇటు, ఒకసారి అటు మనకు చూపుతాడు. ఆ ఊగిసలాటను చూపే గీతలవి. ఆయన మరణానంతరం ఒక చంద్రపటపు రాగి రేకును తేనీటి పళ్లెంగా మార్చుకున్నారని కథ ఒకటి చెప్పుకుంటారు.

గ్రంథాలయం నుండి బయటకు వచ్చి కొర్జెన్నా వీధికి నడిచాము. ఆ మూడు ఇళ్లు ఇప్పుడు లేవు. పాత పురపాలక భవనం ముందు హెవీలియస్ కంచువిగ్రహం కూర్చుని ఆకాశంకేసి చూస్తున్నది. కాస్త దూరంలో రాదూన్యా కాలువ ఒడ్డున పెద్ద పిండిమర, దాని పక్కనే ఆయన సమాధి ఉన్న సెయింట్ కాథరిన్ చర్చి. 1679 సెప్టెంబరులో జరిగిన అగ్నిప్రమాదంలో వేధశాల, యంత్రాలు, ముద్రించి ఉంచిన పుస్తకాలు బూడిదయ్యాయి. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. మళ్లీ కట్టుకున్నాడు. 1673 నాటి గ్రంథంలోని ఒక చెక్కుడు బొమ్మ మా ఇల్లాలికి చూపించాలని ఫోటో తీసుకున్నాను. ఒక మహాకోణమాపకానికి ఒకవైపు హెవీలియస్, మరోవైపు ఆయన భార్య ఎలిజబెత్ నిలబడి నక్షత్రాల దూరం కొలుస్తున్నారు. 1687లో భర్త మరణించగా, 1564 నక్షత్రాల జాబితాను 1690లో అచ్చు వేయించింది ఆమెయే. ఆ గ్రంథంలోని చిత్రంలో ఖగోళదేవత బల్ల చుట్టూ కూర్చున్నవారిలో టాలెమీ, టైకో బ్రాహేలతో పాటు సమర్‌ఖండ్ పాలకుడు ఉలుగ్ బేగ్ కూడా ఉన్నాడు. ఆయన కొలతలను పక్క గడిలో ముద్రించి, తమ కొలతలతో సరిపోల్చుకున్నారు.

ఆ సాయంత్రం భోజనం దగ్గర మా ఇద్దరికీ చిన్న వాదం వచ్చింది. ముఖచిత్రంలో ఇబ్నుల్ హైసమ్ పీఠంపై 'రాతియోనె' అనీ, గెలీలియో పీఠంపై 'సెన్సు' అనీ లాటిన్ మాటలున్నాయి. అంటే ఒకరికి తర్కం, మరొకరికి ఇంద్రియానుభవం.

"ఆయనకు దుర్బిణి ఇవ్వకపోవడం న్యాయమే. అప్పటికి అది పుట్టనే లేదు. కానీ కన్ను కూడా ఇవ్వలేదే అబ్బా!" అన్నది అమ్మాయి.

గౌరవం దొరికింది చాలదా, తప్పులెన్నడం ఎందుకని నేను మందలించాను. ఆమె వినలేదు. వినకపోవడమే మంచిదయింది. కితాబుల్ మనాజిర్‌లో ఆయన చీకటిగదికి చిన్న రంధ్రం ఉంచి, ఎదుట వేర్వేరు చోట్ల దీపాలు పెట్టాడు. లోపలి గోడపై ఎన్ని దీపాలో అన్ని వెలుగుమచ్చలు. ఒక దీపానికి అడ్డు పెడితే దానికి సంబంధించిన మచ్చ ఒక్కటే మాయమయింది. అడ్డు తీయగానే అదే చోట మళ్లీ వచ్చింది. వెలుగు తిన్నగా సాగుతుందనీ, ఒకే రంధ్రంలోంచి పోయినా ఒకదానితో ఒకటి కలిసిపోదనీ ఆయన ఇలా పరీక్షించి తేల్చాడు. పరీక్షకు ఆయన వాడిన పదం 'ఇఅతిబార్'. అటువంటివానికి కేవలం తర్కాన్ని అప్పగించి, చూపును గెలీలియోకు కట్టబెట్టడం సగం న్యాయమే. ఈ విషయంలో మా అమ్మాయిదే సరి.

అయితే నా మనసును కుదిపినది మరొకటి. మన సభలలో "పాశ్చాత్యులు మన విద్యను దొంగిలించారు" అని నేనే ఎన్నోసార్లు ఆవేశంగా మాట్లాడాను. కానీ ఈ రాగి రేకు దొంగతనం దాచినవాని పని కాదు. పేరు చెప్పి ముందు నిలబెట్టినవాని పని. లాటిన్‌లోకి మారిన ఆ గ్రంథాన్ని ఫ్రెడరిక్ రిజ్నర్ 1572లో బాసెల్ నగరంలో అచ్చు వేయించాడు. వారు చదివారు, సరిచూశారు, అవసరమైనచోట విభేదించారు. మరి నేను?

శుక్రవారం ఒలివా ప్రాంతంలోని మసీదులో నమాజు చేశాము. తాతార్ ముస్లిముల చొరవతో కట్టి 1990లో ప్రారంభించిన ఆ మసీదుకు జమాలుద్దీన్ అఫ్గానీ పేరు పెట్టారు. 1880 ప్రాంతంలో మన హైదరాబాదులో నివసించిన ఆ అఫ్గానీయే.

హైదరాబాదు తిరిగి వచ్చాక దాయిరతుల్ మఆరిఫ్ వారి ప్రచురణల కోసం వెదికాను. 1888లో నెలకొని, నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న ఆ సంస్థ, ఇబ్నుల్ హైసమ్ దృష్టిశాస్త్రానికి కమాలుద్దీన్ ఫారిసీ రాసిన వ్యాఖ్యను హిజ్రీ 1347-48లో అచ్చు వేసింది. హిజ్రీ 1357లో ఇబ్నుల్ హైసమ్ చిన్న గ్రంథాల సంపుటి వెలువరించింది. అందులో చంద్రకాంతిపై ఒక రచన ఉంది. చంద్రుడు అద్దంలా వెలుగును తిప్పికొట్టడు, వెలుతురు పడిన ప్రతి బిందువు నుండీ అన్ని దిక్కులకూ కాంతి వెలువడుతుందని అందులో ఆయన వాదన. యాభై ఏళ్లుగా నేను ఆ ప్రాంగణం ముందునుండి పోతూ వస్తూ ఉన్నాను!

సంపుటి దొరికింది. అరబీ అక్షరాలు తడబడకుండా చదవగలను గాని, అర్థం కూడబలుక్కోవలసిందే. మా మహల్లా మౌలానా సాహెబ్‌ను అడిగాను. ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఇది నాకూ కష్టమే, అయినా కూర్చుందాం" అన్నారు. ఇప్పుడు ఇషా తరువాత రోజూ మూడు నాలుగు పంక్తులు సాగుతున్నాయి. చదివిన పుటను ఫోటో తీసి అమ్మాయికి పంపుతున్నాను. నిన్న ఆమె నుండి జవాబు వచ్చింది: "ఇందులో అర్థం కాని మాటలు ఏడు ఉన్నాయి. మౌలానా గారిని అడిగి రాయండి అబ్బా."