తీర్పరి యెవరు?

దేవుడు న్యాయముగల తీర్పరి యని ప్రతి యాదివారమును మందిరములో వినుచునే యున్నాము. వినుట సులభము. వంటయింటను వాకిటను ఆ మాట నమ్మి నడచుకొనుట యెంత కష్టమో యొక వానకాలము మాకు నేర్పినది.

మేము జల్‌పల్లిలో కాపురముండువారము. మావారు ఉపాధ్యాయులు. మా వీథిలోని స్త్రీలము కొందఱము కలిసి నెలనెలకు చీటీ వేసికొనెడివారము. ఒక నెలలో నాలుగువేల రూపాయలు తక్కువ పడినవి. లెక్క మా చేతిలో నుండుటచే, వీథి చివరనుండు నొక యమ్మ నింద మామీద మోపెను. పుస్తకము తెఱచి చూపబోతిమి, చూచువారు లేరైరి. ఒక్క వృద్ధ వితంతువు మాత్రము మా పక్షమున మాటలాడెను. లోటు మా చేతినుండియే పూరించితిమి. సొమ్ము తీఱెను గాని నింద తీఱలేదు.

చిన్ననాట మా తండ్రిగారు ఇంటనే మాకు భారతము చెప్పిరి. నన్నయగారి సభాపర్వములో ద్రౌపది ధర్మ మడుగగా పెద్దలు తలలు వంచుకొనిన ఘట్టము నాడు మాకు కథగానే తోచెను. నిండు సభ మౌనము వహించిన నెట్లుండునో మా వీథి యరుగుమీద తెలిసినది.

"దేవుడే చూచుకొనును" అని యూరకుంటిమి. అది నమ్మకమే యనుకొంటిమి. కాని ఆమె కెప్పు డేమి కీడు మూడునో యని లోలోపల కనిపెట్టుకొని యుండుట నమ్మక మెట్లగును?

2020 అక్టోబరు 13వ తేదీన కుంభవృష్టి కురిసెను. బేగంపేటలో నొక్క దినమున సుమారు 19 సెంటీమీటర్ల వాన. గొలుసుగా నున్న చెఱువులు ఒకదానివెంట నొకటి పొంగి పాతబస్తీకి దక్షిణమున బస్తీలు మునిగెను. మా చెంతనున్న ఉస్మాన్‌నగర్ నెలల తరబడి నీటిలో నుండెను. మా వీథి చివర పల్లమగుటచే ఆ యమ్మ యింటను నడుములోతు నీరు నిలిచెను.

ఆ వార్త విని మొదట మాకు కలిగిన భావమును దాచము. సంతోషించితిమి. తీర్పు వచ్చినదని మనసులో ననుకొంటిమి.

ఆ రాత్రి లూకా సువార్త 13వ అధ్యాయము చదువ తటస్థించెను. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోగా, వారు తక్కినవారికంటె నెక్కువ దోషులు కారని ప్రభువు చెప్పిన సంగతి యది. చదివి సిగ్గుపడితిమి. ఆ నీరే మా పక్షమున మాటలాడిన వృద్ధురాలి గుడిసెను గూడ ముంచెను. మఱి ఆమె దోషమేమి? 1908 సెప్టెంబరు 28న మూసీ వేలాది జనమును పొట్టబెట్టుకొనెను. పిమ్మట విశ్వేశ్వరయ్యగారు మొదలగువారు ఆ జనుల పాపములను వెదకలేదు. వరద నాపు నుపాయము వెదకిరి. గండిపేట చెఱువు 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను అట్లు పూర్తియైనవి.

తెల్లవాఱగనే అన్నము, పప్పు వండి రెండిండ్లకును మోసికొని పోయితిమి. ఆ యమ్మ తలుపు తీసి, "కూర్చుండుటకు చోటు లే దక్కా" అనెను. అంతకుమించి యేమియు ననలేదు. మేమును అడుగలేదు. ఆ నాలుగువేల సంగతి నేటికిని తేలలేదు.

అన్యాయము జరిగినపుడు నోరు మూసికొనుమని మేము చెప్పుటలేదు. లెక్క చూపవలెను, పెద్దలయొద్ద మాటలాడవలెను. అవసరమైనచో న్యాయస్థానమునకును పోవలెను. అవి మన పనులు. ఎదుటివారికి వచ్చిన కష్టమును చూచి యిది వారికి శిక్ష యని నిర్ణయించుట మాత్రము మన పని కాదు. తీర్పు దేవునిదని నమ్మినవారము ఆ పీఠము ఖాళీగా విడువవలెను గదా! మేము దానిమీద కొన్ని నెలలు కూర్చుంటిమి. ఆ వానకు దిగితిమి. మఱల నెక్కకుండ నేటికిని ప్రతి సాయంకాల ప్రార్థనలో ఆ యమ్మ పేరు తలంచుకొనుచున్నాము.