దువ్వాడలో దిగితే బర్మా

దువ్వాడ స్టేషన్లో రైలు దిగేవాళ్లలో ఎక్కువమంది ఉక్కు ఫ్యాక్టరీకో, సెజ్‌కో పోయేవాళ్లు. బర్మా చూడాలని ఆశపడే తెలుగువాళ్లను కూడా ముందు ఇక్కడే దిగమంటాను. 2021 ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కాక ఆ దేశంలో తిరగడం కష్టమైంది. మన బర్మా మాత్రం గాజువాక, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటి కంచరపాలెం వెళ్తే బర్మా క్యాంప్ పేరుతో ఉంది.

రంగూన్‌ని ఉత్తరాంధ్రలో రంగం అనేవారు. కరువొచ్చినా, అప్పు మీదపడినా రంగం పోవడమే దారి. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడెక్కి వెళ్లి బియ్యం మిల్లుల్లో పనిచేశారు, మూటలు మోశారు, రిక్షాలు లాగారు. 1931 నాటికి అక్కడ లక్షన్నర మంది దాకా తెలుగువాళ్లుండేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు వాళ్లను కొరంగీలనేవారు. 1930 మేలో రంగూన్ రేవులో మన కూలీలు సమ్మె కడితే యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నారు. పేదకూ పేదకూ మధ్య పెట్టిన ఆ అల్లర్ల మంటలో వంద మందికి పైగా పోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లే.

1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. జనం అరకాన్ కొండలూ మణిపూర్ అడవులూ దాటుకుంటూ కాలినడకన బయల్దేరారు, దారిలోనే ఎందరో రాలిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా జపాన్ బాంబులే పడ్డాయి. బర్మాలో ఉండిపోయినవాళ్ల దుకాణాలను 1964లో సైనిక పాలకుడు నెవిన్ ప్రభుత్వం జాతీయం చేసింది. దాదాపు వట్టి చేతులతో తిరిగొచ్చిన ఆ కుటుంబాల ఊరే ఈ క్యాంప్.

వాళ్లు పోగొట్టుకోనిది వంట. నూడుల్స్ మీద కొబ్బరిపాలూ శనగపిండీ కలిపి చిక్కగా కాచిన పులుసు పోసి, వేయించిన ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిరప పొడి చల్లి, నిమ్మకాయ పిండితే కౌస్వే. చేపల పులుసులో అరటి దూట ముక్కలు వేసి సన్న బియ్యపు సేమ్యాతో తినేది మొహింగా. దూట కూర తిని పెరిగిన మన కోస్తావాళ్లకు ఆ రుచి పరాయిదిగా అనిపించదు.

బర్మాలో బౌద్ధ స్తూపాలు చూడాలనుకునేవాళ్లు దువ్వాడ నుంచి రెండో వైపు, అనకాపల్లి పక్కనున్న శంకరం వెళ్లాలి. బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద రాతినే తొలిచిన స్తూపాలు వరసలు వరసలుగా ఉంటాయి. పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. ఎండ ముదరకముందే కొండెక్కండి.

ఇరవయ్యేళ్ల వయసులో ఓడ దిగినవాళ్లకిప్పుడు ఎనభై దాటాయి. దువ్వాడలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఓ ఆదివారం ఫోన్లు పట్టుకుని బర్మా క్యాంప్ వెళ్లాలి. రంగంలో ఏ వీధిలో ఉన్నారు, ఏ ఓడెక్కారు, ఏం వదిలేసి వచ్చారు అని ఆ పెద్దల్ని అడిగి, చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయాలి.